వీడియో ఊరికి చేరకముందే మీకు చేరాలి: తిరుపతి అటవీ అధికారులకు బహిరంగ లేఖ

తిరుపతి వన్యప్రాణి విభాగంలోనూ, తిరుపతి, చిత్తూరు జిల్లాల అటవీ శాఖలోనూ బాధ్యతల్లో ఉన్న అధికారులకు,

నమస్కారం. నేను భాకరాపేట పరిసరాల్లో ముప్పయ్యేళ్లు పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న ఉపాధ్యాయుణ్ణి. శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కులోనూ దాని చుట్టుపక్కల అడవుల్లోనూ సందర్శకులు చేసే ఆగడాలను సామాజిక మాధ్యమాల ద్వారా కనిపెట్టి, విచారించి, చర్య తీసుకునే పద్ధతి ఒకటి మీరు ఏర్పాటు చేయాలనీ, ఆ పని మీ చేతుల్లోనే ఉండాలి తప్ప ఊరి చేతుల్లోకి పోకూడదనీ కోరుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను. ఈ కోరిక వెనక నేను చేసిన తప్పొకటి ఉంది కాబట్టి ముందుగా దాన్ని చెప్పుకుంటాను.

పోయిన కార్తీకమాసంలో ఒక ఆదివారం మనవణ్ణి వెంటబెట్టుకుని తలకోనకు పోయాను. సిద్ధేశ్వరస్వామి దర్శనం చేసుకుని జలపాతం దారి పట్టేసరికి పదకొండు దాటింది. నీళ్లకు కాస్త ఇవతల ఒక తల్లికోతి పిల్లను పొట్టకు కరిపించుకుని రాతి మీద కూర్చుని ఉంది. నలుగురు కుర్రవాళ్లలో ఒకడు చిప్స్ ప్యాకెట్టును దాని ముఖానికి అందీ అందకుండా ఆడిస్తుంటే, ఇంకొకడు వెనకనుంచి తోక పట్టి లాగుతున్నాడు. మూడోవాడు ఫోను పట్టుకుని, 'ఇంకోసారి లాగరా, సరిగా పడలే' అంటున్నాడు. నాలుగోవాడు తాగిన సీసాను బండకేసి కొట్టాడు. అది పగిలిన చోటికి పది అడుగుల దూరంలో పిల్లలు చెప్పుల్లేకుండా నీళ్లలో ఆడుకుంటున్నారు. వన సంరక్షణ సమితి కుర్రాడొకడు గోనెసంచి చంకన పెట్టుకుని, మోకాటి లోతు నీళ్లలోకి దిగి, గాజుపెంకులను వేళ్లతో తడుముతూ ఏరడం మొదలుపెట్టాడు. అది వాడికి కొత్త పనిలాగా అనిపించలేదు, ఆ నలుగురి వైపు తలెత్తి చూడను కూడా చూడలేదు.

నేను నలభై సెకన్ల వీడియో తీశాను. కిందికి దిగాక, బండ్లు నిలిపే చోట వాళ్లు ఎక్కిన కారు నంబరు కూడా తీశాను. దాన్ని ఎవరికి పంపాలో ఆ క్షణాన తోచలేదు, కనుక్కునే ఓపికా చేయలేదు. సాయంత్రం ఇంటికొచ్చి మా కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టి, 'ఇలాంటివాళ్లను నలుగురూ చూడాలి' అని రాశాను. తెల్లవారేసరికి అది ఫేస్‌బుక్‌లో ఉంది. ఎవరో కారు నంబరు చుట్టూ ఎర్రగీత గీసి, యజమాని పేరూ ఊరూ వెతికి పట్టుకుని కింద రాసిపెట్టారు. మూడోరోజు పొద్దున్నే పీలేరు నుంచి ఒకాయన ఫోను చేశాడు. ఆ కారును ఆయన పద్నాలుగు నెలల కిందటే అమ్మేశాడు, పేరు మార్పిడి మాత్రం జరగలేదు. రెండు రోజులుగా ఊరూ పేరూ లేనివాళ్లు ఫోన్లు చేసి ఇంట్లో ఆడవాళ్లను కూడా వదలకుండా తిడుతున్నారట, డిగ్రీ చదివే కూతుర్ని కాలేజీలో అడుగుతున్నారట. 'మీరు పిల్లోళ్లకు పాఠాలు చెప్పినోళ్లే గదా సార్, ఒక్క మాట నన్ను అడిగింటే పోయేది గదా' అన్నాడు. పేరు మార్పిడి చేయించుకోకపోవడం ఆయన పొరపాటే కావచ్చు, కానీ కోతి తోక లాగింది ఆయన కాదు. నేను గ్రూపులోంచి వీడియో తీసేశాను, అప్పటికే అది నా చెయ్యి దాటిపోయింది. పీలేరుకు పోయి ఆయన ఇంటి అరుగు మీద కూర్చుని క్షమాపణ చెప్పుకుని వచ్చాను. ఆ నలుగురు కుర్రవాళ్లు ఎవరన్నది మాత్రం ఈనాటికీ తెలియదు.

ఇక అసలు విషయం. 1989లో జాతీయ పార్కుగా ప్రకటించిన ఈ అడవి విస్తీర్ణం దాదాపు 353 చదరపు కిలోమీటర్లు. దీన్ని కలుపుకుని, 2010లో ప్రకటించిన శేషాచలం జీవావరణ రిజర్వు 4,756 చదరపు కిలోమీటర్ల మేర విస్తరించి ఉంది. చాలా జాతీయ పార్కులకు గేటు ఉంటుంది, జీపు ఉంటుంది, సాయంత్రమయ్యేసరికి అందరూ బయటికి వచ్చేస్తారు. మన పార్కు అలా మూసి తెరిచేది కాదు. తిరుమల క్షేత్రాన్ని చుట్టుకుని ఉన్న అడవి ఇది. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కే భక్తుడికి తాను చిరుతలు తిరిగే అడవి పక్కన నడుస్తున్నానన్న స్పృహ ఉండకపోవచ్చు, ఉండాలని కోరడమూ కష్టమే. ఇంతమంది వచ్చిపోయే చోట బీట్ అధికారి ఒక్కడు రెండు కళ్లతో ఎంతని చూస్తాడు? వచ్చిన ప్రతివాడి చేతిలోనూ కెమెరా ఉంది కాబట్టి, ఆ కెమెరాలు చూసినదాన్ని సక్రమమైన దారిలో మీ దాకా తేవడమే నేను అడుగుతున్నది.

చట్టం చేతకానిదేమీ కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 27వ సెక్షన్ నాలుగో ఉపవిభాగం, అభయారణ్యంలో ఏ అడవి జంతువునూ ఆటపట్టించకూడదనీ బాధించకూడదనీ, నేల మీద చెత్త వేయకూడదనీ ఒకే వాక్యంలో చెబుతుంది. 35వ సెక్షన్ దాన్ని జాతీయ పార్కులకూ వర్తింపజేస్తుంది. 30వ సెక్షన్ నిప్పు పెట్టడాన్ని నిషేధిస్తుంది. 2022లో జరిగిన సవరణతో సాధారణ ఉల్లంఘనలకు విధించగల జరిమానా గరిష్ఠ పరిమితి 25 వేల రూపాయల నుంచి లక్షకు పెరిగింది. కోతి తోక లాగడం, సీసా పగలగొట్టడం, రెండూ ఆ ఒక్క వాక్యంలోనే ఉన్నాయి. లేనిదల్లా ఆ వాక్యానికీ నా ఫోనులోని నలభై సెకన్లకూ నడుమ ఒక దారి.

ఒక విచిత్రం గమనించండి. దొంగ ఎవడూ తాను చేసిన దొంగతనాన్ని చిత్రించి ఊరంతా చూపించుకోడు. అడవిలో తప్పు చేసినవాడు మాత్రం సంగీతం జోడించి, స్థలం పేరు పెట్టి, తన ముఖంతో సహా రీల్ పెడతాడు. అమెరికాలో 2014లో ఒక యువతి పలు జాతీయ పార్కుల్లోని బండల మీద రంగులతో బొమ్మలు వేసి, వాటిని తానే ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకుంది. అడవుల్లో నడిచే అలవాటున్నవాళ్లు ఆ చిత్రాలను పోగుచేసి పార్కు అధికారులకు అందించారు. 2016లో ఆమె నేరం ఒప్పుకోగా కోర్టు రెండేళ్ల ప్రొబేషన్, 200 గంటల సమాజసేవ విధించి, జాతీయ పార్కుల్లో అడుగుపెట్టకుండా నిషేధించింది. 2018లో యెల్లోస్టోన్ పార్కులో అడవిదున్నను రెచ్చగొట్టిన వ్యక్తి వీడియోను ఇంకో సందర్శకుడు తీశాడు. అది వ్యాపించాక ఆ వ్యక్తిని మరో పార్కులో అరెస్టు చేశారు, 130 రోజుల జైలుశిక్ష పడింది. అదే పార్కులో 2023లో ఒకతను తల్లి నుంచి విడిపోయిన అడవిదున్న దూడను తోసి నది గట్టెక్కించాడు. సాయం చేస్తున్నాననే అనుకుని ఉంటాడు. మంద దాన్ని మళ్లీ చేర్చుకోలేదు, అది కార్ల వెంట, మనుషుల వెంట పడడం మొదలుపెట్టింది, చివరికి పార్కువాళ్లే దాన్ని చంపవలసి వచ్చింది. చూసినవాళ్లు తీసిన ఫోటోలను పెట్టి పార్కువాళ్లు ఆ మనిషి కోసం వెతికారు. అక్కడ అడవిదున్నకు 25 గజాలు, ఎలుగుబంటికీ తోడేలుకూ 100 గజాలు ఎడంగా ఉండాలని అంకెలతో సహా నియమం ఉంది. మన చట్టంలో బాధించరాదన్న మాట ఉంది గానీ గజాల లెక్క లేదు. వీడియోలో దూరం కొలవగలం కాబట్టి, పార్కు స్థాయిలో అలాంటి అంకె ఒకటి ప్రకటిస్తే మీ పనే తేలికవుతుంది.

మన దేశంలోనూ ఇది మొదలైంది. 2024 డిసెంబరు 31న మహారాష్ట్రలోని ఉమ్రేడ్ కర్హాండ్లా అభయారణ్యంలో ఒక ఆడపులినీ దాని ఐదు పిల్లలనూ సఫారీ వాహనాలు ముందూ వెనకా అడ్డగించి నిలబడ్డాయి. ఆ వీడియో బయటికొచ్చాక బొంబాయి హైకోర్టు నాగపూర్ ధర్మాసనం తనంతట తానే విచారణకు తీసుకుంది, డ్రైవర్లనూ గైడ్లనూ సస్పెండ్ చేశారు. 2025 ఆగస్టులో బందీపూర్ రోడ్డు మీద ఏనుగుతో సెల్ఫీకి పోయి దాని కాళ్ల కింద పడి బతికి బయటపడ్డ మనిషికి కర్ణాటక అటవీ శాఖ 25 వేల రూపాయల జరిమానా వేసి, ఇలా చేయకండని చెప్పే వీడియోను అతనితోనే చెప్పించింది. ఈ రెండో సంగతిలో నన్ను ఆపినది ఇంకొకటి. మొదట్లో ఆ మనిషి కేరళ నుంచి వచ్చిన పర్యాటకుడని ప్రచారం జరిగింది, తీరా చూస్తే కర్ణాటకలోని నంజనగూడు వాసి. ఆ నడుమ కేరళవాళ్లు పడిన మాటలను ఎవరూ వెనక్కి తీసుకోలేదు. 2013లో బోస్టన్ బాంబు పేలుళ్ల తర్వాత ఇంటర్నెట్‌లో జనం కలిసి దోషిని వెతుకుతామని బయలుదేరి, అప్పటికి కొన్ని వారాలుగా కనబడకుండా పోయిన ఒక విద్యార్థిని దోషిగా తేల్చేశారు. ఆ అబ్బాయి ఆ పేలుళ్లకు ముందే చనిపోయాడని తర్వాత బయటపడింది. నా పీలేరు కథ వీటి ముందు చిన్నది, జాతి మాత్రం అదే.

మన కొండల్లో ఈ నిఘా ఏ పనికి వస్తుందో చెప్పుకోవాలంటే నడకదారి నుంచే మొదలుపెట్టాలి. 2023 జూన్‌లో అలిపిరి దారిలో ఒక పసివాణ్ణి చిరుత పట్టుకుపోతే పిల్లవాడు ప్రాణాలతో దక్కాడు. ఆగస్టులో ఆరేళ్ల పాప దక్కలేదు. ఆ తర్వాత దేవస్థానం పదిహేనేళ్లలోపు పిల్లలను మధ్యాహ్నం రెండు తర్వాత ఆ దారిలోకి రానివ్వలేదు, భక్తుల చేతికి కర్రలిచ్చింది, జంతువులకు తిండి పెట్టవద్దని చెప్పింది. తినిపించడం దగ్గరే మెలిక ఉంది. మనం దుప్పి నోటికి అరటిపండు అందించినప్పుడు, మెట్ల పక్కన ప్రసాదం ఆకులు పారేసినప్పుడు, దుప్పులూ అడవిపందులూ కుక్కలూ మెట్ల దగ్గరికి చేరతాయి, వాటి వెనక చిరుత వస్తుంది. పెట్టినవాడు పుణ్యమే అనుకుంటాడు, వీడియో తీసి స్టేటస్‌లో పెట్టుకుంటాడు. అతన్ని నేరస్థుడిలా చూడమని నేను అనను. కానీ ఏ మలుపు దగ్గర, ఏ వేళలో, ఏ తిండి పెడుతున్నారో ఆ వీడియోలు మీకు ఉచితంగా చెబుతున్నాయి. ఒక నెలపాటు వాటిని పోగుచేసి చూస్తే సిబ్బందిని ఎక్కడ నిలబెట్టాలో, చెత్తడబ్బాను ఎక్కడినుంచి ఎక్కడికి జరపాలో తెలుస్తుంది. సామాజిక మాధ్యమాల వల్ల నాకు కనబడుతున్న పెద్ద మేలు ఇదే, జరిమానాలు దీని తర్వాతే.

తీర్థాల సంగతి వేరు. తుంబురు తీర్థానికి ఫాల్గుణ పౌర్ణమి ముక్కోటికి, రామకృష్ణ తీర్థానికి పుష్య పౌర్ణమి ముక్కోటికి జనం పోవడం ఏనాటి నుంచో ఉన్న ఆచారం. ఆ రోజుల్లో దారి పొడవునా మనుషులుంటారు, ఏర్పాట్లుంటాయి. మిగతా రోజుల్లో అనుమతి లేకుండా ట్రెక్కింగ్ పేరుతో లోపలికి పోయి, గుండాల పక్కన రాత్రుళ్లు నెగళ్లు వేసుకుని, ఆ దారిని మలుపు మలుపునా చిత్రించి, మ్యాప్ లంకెతో సహా ఇంకొకరికి చూపించే వీడియోల గురించి నేను మాట్లాడుతున్నాను. 2014 మార్చిలో తిరుమల అడవి అంటుకున్నప్పుడు వైమానిక దళం హెలికాప్టర్లు రావలసి వచ్చిందని మనం మరచిపోకూడదు. పైగా ఇది ఎర్రచందనం అడవి. లోతట్టున ఏ వాగు వెంట దారి ఉందో, ఏ చెక్‌పోస్టును తప్పించుకుని లోపలికి పోవచ్చో వివరించే వీడియో కుర్రకారుకు వినోదమే అయినా, దుంగలు మోయించేవాడికి అది దారిపటం. బంగారు బల్లి, దేవాంగపిల్లి లాంటి రాత్రి జీవుల మీద టార్చిలైటు కొట్టి తీసే రీల్స్‌లోనూ ఇదే ముప్పుంది. వెలుగు వల్ల అవి పడే బాధ ఒకటైతే, అవి ఎక్కడ దొరుకుతాయో అందరికీ తెలిసిపోవడం దానికన్నా పెద్దది. ఇలాంటి వీడియో కనబడితే, పెట్టినవాడికి కబురు పెట్టి స్థలం పేరు తీసేయించడమే చాలాసార్లు సరిపోతుంది. చాలామందికి ఆ సంగతి తెలియక పెడతారు.

చిత్తూరు వైపు కౌండిన్య అభయారణ్యంలో ఏనుగుల కష్టం మీకు నాకన్నా బాగా తెలుసు. 2025 మేలో కర్ణాటక నుంచి కుంకీ ఏనుగులను, అంటే అడవి ఏనుగులను మళ్లించడానికి శిక్షణ ఇచ్చిన ఏనుగులను తెప్పించి పలమనేరు దగ్గర ముసలమడుగులో ఉంచారు. కుంకీలు అడవి ఏనుగులను మళ్లించగలవేమో గానీ, పొలంలో చిక్కిన ఏనుగు చుట్టూ ఫోన్లు పట్టుకుని, ఈలలు వేస్తూ మూగే గుంపును మళ్లించలేవు. పంట పోగొట్టుకున్న రైతు డప్పు కొట్టి ఏనుగును తరిమితే అది అతని బతుకు కోసం, పక్క ఊరినుంచి బైకుల మీద వచ్చి దాని ముఖం మీద లైటు కొట్టేవాడిది ఆట. వీడియోలో ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు. ఆ తేడా తెలిసినది స్థానిక సిబ్బందికే కాబట్టి, తీర్పు వాళ్ల దగ్గర జరగాలి గానీ వ్యాఖ్యల్లో జరగకూడదు. శేషాచలంలో కూడా 2025 ఫిబ్రవరిలో గుండాలకోన దారిలో ఏనుగుల దాడికి ముగ్గురు భక్తులు బలయ్యాక, ఏనుగు అంటే పలమనేరు సంగతేనన్న ధీమా ఇక చెల్లదు.

ఇప్పుడు పద్ధతి గురించి నాకు తోచినది చెబుతాను. అన్నిటికన్నా ముందు కావలసింది, తలకోన దారిలోని నేరబైలు చెక్‌పోస్టు దగ్గరా అలిపిరిలోనూ శ్రీవారి మెట్టు మొదట్లోనూ కళ్లకు కొట్టొచ్చినట్టు కనబడే ఒక నంబరు. దానికి పంపిన వీడియో మీ కార్యాలయానికే చేరాలి, బయట ఎక్కడా కనబడకూడదు. పంపినవాడికి 'అందింది, ఫలానా సంఖ్యతో నమోదు చేశాం' అన్న జవాబు ఒకటి రావాలి. ఈ జవాబును చిన్న విషయంగా తీసుకోవద్దని ప్రాధేయపడుతున్నాను. పంపినది బావిలో పడ్డ రాయిలా ఉండిపోతే రెండోసారి ఎవరూ పంపరు, ఫేస్‌బుక్‌లో పెడతారు. అక్కడైతే నిమిషంలో పది జవాబులొస్తాయి మరి.

పంపే తీరు కూడా జనానికి నేర్పాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన వీడియో కుదించుకుపోతుంది, ఎప్పుడు ఎక్కడ తీసినదో చెప్పే వివరాలు అందులో మిగలవు. ఫోనులోని అసలు ఫైలును డాక్యుమెంటుగా పంపితే నాణ్యతా, ఆ వివరాలూ చాలావరకు నిలుస్తాయి. కొత్త భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో చూపాలంటే ధ్రువపత్రం కావాలి, ఫైలు హ్యాష్ విలువ, అంటే ఫైలులో ఏ మార్పు జరిగినా పట్టిచ్చే వేలిముద్ర లాంటి సంఖ్య కూడా అందులో రాయాలి. ముప్పై చేతులు మారిన రీల్ పట్టుకుని కోర్టుకు పోతే మొదటి వాయిదాలోనే డిఫెన్సు వకీలు అది పాతదంటాడు, వేరే అడవిదంటాడు, ఈ మధ్య అయితే కృత్రిమ మేధతో చేసినదంటాడు. ఆయన అనేది నిజమయ్యే అవకాశమూ లేకపోలేదు. ఊరి నడుమ చిరుత తిరుగుతున్నట్టు యంత్రం తయారుచేసిన వీడియోలు చూసి జనం తలుపులు వేసుకునే రోజులివి.

బహిరంగంగా పెట్టిన పోస్టుల విషయంలో మీ సిబ్బందిలో ఒకరిద్దరు వారానికి రెండు పూటలు కూర్చుని తలకోన, శేషాచలం, తుంబురు తీర్థం, కౌండిన్య లాంటి పేర్లతో వెతికితే చాలు, పెద్ద యంత్రాంగం అక్కరలేదు. తప్పు కనబడగానే తొలగించమని కబురు పెట్టేస్తుంటారు, అదే పొరపాటు. ముందు దాన్ని భద్రపరచాలి. 2021 నాటి ఐటీ నియమాల ప్రకారం తొలగించిన సమాచారాన్ని దర్యాప్తు కోసం 180 రోజులు దాచి ఉంచాల్సిన బాధ్యత ఆ సంస్థల మీద ఉంది కాబట్టి, అడిగేవారు ఆ గడువులోపల రాతపూర్వకంగా అడగాలి. వన్యప్రాణి చట్టంలోని 50వ సెక్షన్, అధికారం పొందిన ఏసీఎఫ్ (అసిస్టెంట్ కన్జర్వేటర్ ఆఫ్ ఫారెస్ట్స్) స్థాయికి తగ్గని అధికారికి సాక్షులను పిలిపించే, పత్రాలు తెప్పించే, సాక్ష్యం నమోదు చేసే అధికారాలిచ్చింది. కారు నంబరు దొరికితే ఆ కారు ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో కనుక్కునే అధికారం మీకుంది, నాకు లేదు. నేను చేసిన తప్పంతా ఈ ఒక్క తేడాను పట్టించుకోకపోవడమే.

విచారణ పూర్తయ్యాక ఫలితాన్ని ప్రకటించండి. ఫలానా నెలలో తలకోనలో ఇన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఇన్ని నిజమని తేలాయి, ఇంత జరిమానా వేశాం అని పేర్లు లేకుండా చెబితే సరిపోతుంది. తప్పు చేసినవాడి ముఖాన్ని శాఖ పేజీలో పెట్టి సిగ్గుపడేలా చేయాలని కొందరు అంటారు. నాకది సమ్మతం కాదు. 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. ఆ మాట అటుంచినా, జరిమానా ఒకరోజుతో తీరుతుంది, ఇంటర్నెట్‌లో పడ్డ ముఖం పెళ్లిచూపుల దాకా వెంటాడుతుంది. ఇరవై ఏళ్ల కుర్రాడు కోతి తోక లాగినందుకు అంత శిక్ష ఎక్కువ. వాణ్ణి నాలుగు ఆదివారాలు ఆ గోనెసంచి కుర్రాడి వెంట గాజుపెంకులు ఏరమనండి, అది సరిపోతుంది. అలాగే ప్రైవేటు గ్రూపుల్లోకి దొంగపేర్లతో చొరబడడం, ముఖాలను యంత్రాలతో పోల్చి మనుషులను వెతకడం లాంటి పనుల జోలికి దయచేసి పోవద్దు.

ఎవరి మీద ఈ కన్ను పడకూడదో కూడా చెప్పాలి. ఈ అడవి సందర్శకులది మాత్రమే కాదు. తేనె కోసం, కుంకుడుకాయల కోసం పోయే యానాదులున్నారు, అంచుల్లో మేకలు తోలుకునేవాళ్లున్నారు. ఫోను చేతిలో ఉన్న నగరవాసికి చెట్టుకింద పొయ్యి రాజేసుకున్న యానాది స్త్రీ నేరస్థురాలిలా కనబడవచ్చు, ఖరీదైన బండిలో వచ్చి పాటలు మోగించినవాడు తోటి యాత్రికుడిలా కనబడవచ్చు. ఫిర్యాదులు ఆమె మీద పదివచ్చి అతని మీద ఒక్కటీ రాని రోజు వస్తే, ఈ పద్ధతి పెట్టమని అడిగినందుకు నేను సిగ్గుపడాలి. పైగా శేషాచలంలో అనుమానం అనే మాటకు బరువెక్కువ. 2015 ఏప్రిల్ 7న ఇదే అడవిలో తమిళనాడు నుంచి వచ్చిన 20 మంది కూలీలు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. తమిళం మాట్లాడే నలుగురి ఫోటో కింద 'స్మగ్లర్లు' అని ఎవడో సరదాగా రాస్తే అది ఎక్కడికి దారితీస్తుందో చెప్పలేం. ఫిర్యాదు పెట్టేచోటే 'ఏం జరిగిందో రాయండి, ఎవరనుకుంటున్నారో రాయవద్దు' అన్న సూచన ఉంటే మంచిది.

జరిమానాలో కొంత భాగాన్ని నేరాన్ని పట్టివ్వడానికి సాయపడినవారికి బహుమతిగా ఇచ్చే వీలు చట్టంలోనే ఉంది. వేటగాణ్ణి పట్టించినవాడికి ఇవ్వండి, తప్పులేదు. చెత్త వేసినవాడి వీడియోకు డబ్బులిస్తే మాత్రం, జలపాతం దగ్గర స్నానం చేసేవాళ్లకన్నా పొదల్లో కెమెరాలతో కూర్చునేవాళ్లు ఎక్కువవుతారు. స్నానానికి వచ్చిన ఆడవాళ్ల వైపు ఫోను తిప్పేవాడికి అది మంచి సాకు కూడా అవుతుంది.

ఈ పద్ధతికి కనబడనివి చాలా ఉంటాయని నాకు తెలుసు. చిరుత కనబడితే పదిమంది తీస్తారు, బండసందులో పేరుకున్న ప్లాస్టిక్ సంచులను ఎవరూ తీయరు. అర్ధరాత్రి లోపలికి పోయినవాడు తెలివైనవాడైతే రీల్ పెట్టడు. మీ సిబ్బంది కొరతనూ ఈ పద్ధతి తీర్చదు. ఫిర్యాదులు చూసే పని కొత్తగా ఒకరి నెత్తిన పడుతుంది, ఆ ఒకరిని అడవిలోంచి తీసి కుర్చీలో కూర్చోబెడితే నష్టమే. ఆ పనికి డిగ్రీ కాలేజీల జంతుశాస్త్ర, వృక్షశాస్త్ర విద్యార్థుల సాయం మీ పర్యవేక్షణలో తీసుకోవచ్చునేమో ఆలోచించండి. వాళ్లకు దుప్పికీ కణితికీ తేడా తెలుస్తుంది, ఇన్‌స్టాగ్రామ్ ఎలా వెతకాలో మనకన్నా బాగా తెలుసు.

వచ్చే కార్తీకానికి ముందే నేరబైలు చెక్‌పోస్టు దగ్గర ఆ నంబరు బోర్డు పెట్టించమని నా విన్నపం. ఆ నెల సోమవారాల్లో, ఆదివారాల్లో తలకోనకు వచ్చే జనాన్ని బట్టి ఆ పద్ధతి పనిచేస్తుందో లేదో ఒక్క నెలలోనే తేలిపోతుంది.

ఈ ఉత్తరాన్ని బయటపెట్టే ముందు పీలేరు పెద్దమనిషికి ఫోనులో మొదటినుంచీ చదివి వినిపించాను. అంతా విని, ఒక్క మాట చేర్చమన్నాడు: వీడియోలో ఉన్నవాడి వివరాలు ఎంత జాగ్రత్తగా దాచుకుంటారో, దాన్ని పంపినవాడి పేరు కూడా అంత ఖచ్చితంగా మీ దగ్గర నమోదై ఉండాలట, రేపు అది తప్పుడు ఫిర్యాదని తేలితే జవాబు చెప్పుకునే మనిషి ఒకడు ఉండాలట. ఆయన మాటగా దాన్ని ఇక్కడ చేరుస్తున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
భాకరాపేట, తిరుపతి జిల్లా